గోదావరి వెనక్కి జరిగిన ఎండాకాలం

అందరం కలిసి సరదాగా తిరిగి రావడానికని ఇంటికి తాళం వేసి బయలుదేరిన రోజు మా చిన్నతనంలో ఒక్కటే ఉంది. ఎనభైల నడుమ, వానలు వరుసగా మొహం చాటేసిన కాలం. నాకు పదేళ్లుంటాయి. చెల్లె ఇంకా చేతులు పట్టుకుని నడిచే వయసు.

బాపు ఆర్మూరులో రైతుల పసుపు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో పనిచేసేవాడు. పసుపు మార్కెట్టుకు వచ్చే నెలల్లో ఆయన మాకు సరిగ్గా కనబడేవాడు కాదు. మేం లేచేసరికి వెళ్లిపోయి, మేం నిద్రకు తూగే వేళకు వచ్చేవాడు. చెవుల వెనుక, గోళ్ల సందుల్లో పసుపు ఉండేది. ఎంత తోమినా అన్నం కలిపితే అన్నానికి రంగు అంటేది. అమ్మ, అమ్మమ్మ ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లు.

అమ్మమ్మ బాపుకు సొంత మేనత్త. అందుకే అల్లుడి ఇంట్లో ఉంటున్నానన్న మొహమాటం ఆమెకు ఉండేది కాదు. ఆమె ఊరు గోదావరికి దగ్గర. పోచంపాడు కట్ట కట్టి నీళ్లు నిలిపినప్పుడు ఆ ఊరు మునిగింది. తాత అప్పటికే పోయాడు. ఊరివాళ్లంతా కొత్త కాలనీకి వెళితే, ఆమె ఒక బట్టల మూట, ఇత్తడి బిందె పట్టుకుని ఆర్మూరుకు వచ్చేసింది. నాకు బుద్ధి తెలిసేసరికే ఆమె మా ఇంటి మనిషి. ఆమెకొక ఊరు ఉండేదని తెలుసు గానీ, ఆ ఊరి గురించి ఆమె నోటి నుంచి ఒక్క ముక్క కూడా వినలేదు. వరద వచ్చి ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు ఆర్మూరు ఆర్మూరంతా చూడటానికి పోయేది. అమ్మమ్మ మాత్రం బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఇంట్లోనే ఉండేది.

ఆ ఏడాది మా తరగతిలో ఒక పిల్ల బొంబాయి పోయి సముద్రం చూసి వచ్చింది. గవ్వలు తెచ్చి అందరికీ చూపించింది, ఎవరికీ ఇవ్వలేదు. నేను ఇంటికి వచ్చి ఏడ్చాను. బాపు నవ్వాడు.

"సముద్రమే గావాల్నా బిడ్డా? మనకు లేదా ఏంది? పోచంపాడు ఎనుక దిక్కు పోయి నిలబడితే గా ఒడ్డు కండ్లకు కనవడదు. అలలు గూడ వస్తయి. పోదాం తియ్యి."

సీజను అయిపోయాక సేటును అడిగి, ఒక ఆదివారానికి దుకాణం జీపు, డ్రైవరును మాట్లాడుకున్నాడు. పొద్దున అంకాపూర్‌లో ఆయనకు తెలిసిన రైతు చేను చూడాలి. అక్కడి నుంచి నందిపేట దిక్కు పోయి, నీళ్లు తగ్గిన చోట మేసే జింకలను చూడాలి. సాయంత్రం దాకా నీళ్ల ఒడ్డున ఆడుకోవాలి. అమ్మ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, పప్పు సర్దింది.

బయటికి వచ్చి చూస్తే, అమ్మమ్మ అప్పటికే తలస్నానం చేసి, పెట్టె అడుగున దాచుకునే నేత చీర కట్టుకుని జీపులో కూర్చుని ఉంది.

అమ్మ బాపు వైపు చూసింది. తర్వాత జీపు దగ్గరికి వెళ్లి తన తల్లితో మెల్లగా అంది. "అవ్వా, మేం నీళ్ల దిక్కు పోతున్నం. ఎండ మస్తుంటది. ఇంటికాడ ఉండరాదు?"

"నీళ్లు బాగ ఎనుకకు పోయినయట. బీడీ ఆకు అమ్మెటామె చెప్పింది. ఊళ్లు బయటపడ్డయట" అంది అమ్మమ్మ, రోడ్డు వైపే చూస్తూ. "నేను గూడ వస్త."

బాపు "రానీ తియ్యి" అని ముందు సీట్లో కూర్చున్నాడు.

అంకాపూర్ రైతు మమ్మల్ని చుట్టాల్లా చూసుకున్నాడు. ఆయన విత్తనాల కోసం సజ్జ వేశాడు. ఆడ వరుసలు ఎన్నో, మగ వరుసలు ఎన్నో, పక్క చేను పుప్పొడి పడకుండా ఎంత దూరం వదలాలో బాపుకు చెబుతూ గట్ల మీద నడిపించాడు. చెల్లె, నేను మోటరు నీళ్లు పడే తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. ఆయన భార్య ఉడికించిన మక్కకంకులు గంపలో తెచ్చింది. ఆవిర్లు వస్తుంటే చేతులు మార్చుకుంటూ తిన్నాం. అంత తియ్యటి కంకి నేను మళ్లీ తినలేదేమో అనిపిస్తుంది, అది ఆకలి వల్లనో, ఆ రోజు వల్లనో తెలియదు.

మాటల్లో రైతు అన్నాడు. "మా బిడ్డనిచ్చిన ఊరికి కాలువ వచ్చిందన్నా. ఎన్కట గడ్డి మొలవని భూమి. ఇయ్యాల పసుపు పండుతున్నది. గోదావరిని కట్టుడు కాదు, మా అల్లుని కొంపను నిలబెట్టుడే అనుకో."

అమ్మమ్మ అప్పుడు గట్టు మీద గొంతుకూర్చుని ఉంది. చేతిలోకి మట్టి తీసుకుని, పిసికి, వాసన చూసి కింద పోసింది. రైతుకు ముచ్చటేసింది.

"అమ్మకు ఎవుసం తెల్సినట్టున్నది. మీకు భూమి ఉన్నదా?"

"ఉండె."

"యాడ?"

"నీళ్లల్ల."

ఆయన ముఖం చిన్నబోయింది. గంపలోంచి మంచి కంకి ఒకటి ఏరి రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు. ఆమె తీసుకుంది. తినలేదు. కొంగున కట్టుకుంది.

నందిపేట దాటాక జీపు తారురోడ్డు దిగింది. వానాకాలంలో నీళ్లుండే నేల మీద, ఎడ్లబండ్లు తొక్కిన దారి వెంట పోయాం. ఎక్కడా చెట్టు లేదు. పగుళ్లు బారిన ఒండ్రు, అక్కడక్కడ పచ్చగడ్డి, పైన తెల్లటి ఎండ. ఒకచోట డ్రైవరు ఇంజను ఆపి, వేలు చూపించాడు.

మొదట నాకేమీ కనబడలేదు. తర్వాత మట్టి రంగులోంచి మట్టి రంగు విడిపోయినట్టు జింకలు ఒక్కొక్కటే తేలాయి. తలలు దించుకుని మేస్తున్నాయి. వాటికి కాస్త ఎడంగా ఒక మగది నిలబడి ఉంది. వీపంతా నల్లగా, కడుపు తెల్లగా, మెలి తిరిగిన కొమ్ములు. చెల్లె సీటు మీద నిలబడి "బాపూ" అని అరిచింది. అంతే, మంద కదిలింది. పరుగెత్తడం కాదు, నేల వాటిని పైకి విసిరేస్తున్నట్టు ఎగిరాయి. కొంత దూరం పోయి మళ్లీ ఆగి మా వైపు చూశాయి.

"ఇర్రి గది" అంది అమ్మమ్మ నల్లదాన్ని చూపిస్తూ. "మా శెనగ చేనంత మేసిపోయేటియి. మీ తాత డబ్బా కొట్టుకుంట ఎంబడిపడేటోడు. ఓపాలి గట్లనే ఉరికి ఉరికి బురదల బోర్ల పడ్డడు. గా ఇర్రి ఆగి ఎనుకకు తిరిగి చూస్తున్నది, నవ్వినట్టే."

చెబుతూ ఆమె కూడా నవ్వింది. తాత గురించి ఆమె మాట్లాడగా వినడం నాకు అదే మొదలు. అమ్మ కూడా నవ్వింది గానీ, కళ్లు తుడుచుకుంది.

మరికొంత దూరం పోయాక నీళ్లు కనబడ్డాయి. బాపు అబద్ధం చెప్పలేదు. అవతలి ఒడ్డు లేదు. ఇసుక మేట మీదికి చిన్న చిన్న అలలు వచ్చి పోతున్నాయి. కొంగలు బారులు తీరి నిలబడ్డాయి. చేపలు పట్టేవాళ్ల పుట్టి ఒకటి దూరంగా తిరుగుతోంది. నేను, చెల్లె జీపు ఆగకముందే దూకబోయాం. కానీ అమ్మమ్మ మాకంటే ముందే దిగింది. ఆమె నీళ్ల వైపు పోలేదు. ఎడమ పక్కకు, రాళ్లు కనబడుతున్న వైపుకు నడిచింది.

"అవ్వా, ఆగు" అంటూ అమ్మ వెనక పోయింది. మేమూ పోయాం.

అది ఊరు. ఊరని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. మోకాలెత్తు రాతి పునాదులు, వాటి మధ్య ఎండిన బురద, సగం కూరుకుపోయిన రోలు, కుడితి గాబు, నోటి దాకా పూడిపోయిన బావి. అన్నిటి మీదా ఒకే బూడిద రంగు. నేను ఆ రాళ్ల మీద నుంచి దూకుతూ అడ్డంగా పోతున్నాను. అమ్మమ్మ అలా పోలేదు. దారి ఉన్నచోటే నడిచింది. ఒకచోట తిన్నగా పోయి, మూల దగ్గర ఆగి, కుడికి తిరిగింది. అక్కడ మూల లేదు, గోడా లేదు. ఇంకోచోట తలుపు తగులుతుందన్నట్టు కొద్దిగా తల వంచింది.

"గిది కుమ్మరోళ్లు కుండలు కాల్చే ఆము... గిది మా ఆడబిడ్డ ఇల్లు... గీడ రచ్చబండ ఉండె..." ఎవరికి చెబుతోందో తెలియదు. తన ఇంటి దగ్గర ఆగుతుందనుకున్నాను. ఒక్క క్షణం నిలబడింది, అంతే. దానికోసం రాలేదామె. ఊరు దాటి చేన్ల వైపు పోయింది.

ఊళ్లో అంత నేర్పుగా తిరిగిన మనిషికి చేన్లలో దారి దొరకలేదు. అక్కడ రాయి అన్నది లేదు. గట్లు లేవు, బాట లేదు. నిండా ఒండ్రు పరుచుకుని ఒక్కటే మైదానం. ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది. ఊరి వైపు తిరిగి చేత్తో కొలత చూసుకుని మళ్లీ పోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది. చెల్లె కాళ్లు కాలుతున్నాయని ఏడుపు మొదలుపెట్టింది. బాపు అప్పటిదాకా ఓపికపట్టాడు.

"అత్తా! ఏం ఎతుకుతున్నవే? పోరగాండ్లు ఎండకు మాడుతున్నరు. ఇంత సరదాకని తోలుకొస్తే..." అని గట్టిగా అరిచాడు. ఆమె వినిపించుకోలేదు.

అమ్మ ఆయన పక్కకు వచ్చి చాలా మెల్లగా అంది. "తమ్ముని కోసం."

అమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడని నాకు తెలియదు.

తర్వాత్తర్వాత అమ్మ ముక్కలు ముక్కలుగా చెప్పిన దాన్ని బట్టి నాకు తెలిసింది ఇంతే. అమ్మ తర్వాత ఒక పిల్లవాడు పుట్టాడు. నడక వచ్చి, మాటలు వస్తున్న వయసులో జ్వరం తగిలింది. వాగు పొంగి ఉండటంతో దవాఖానకు తీసుకుపోయే వీలు లేకపోయింది. చిన్నపిల్లవాడు గనక కాల్చలేదు. చేను మూలన, మోదుగ చెట్టు కింద పెట్టి, పైన ఒక రాయి పాతారు. ప్రాజెక్టు వచ్చేదాకా అమ్మమ్మ పొలం పనికి పోయిన ప్రతిసారీ ఆ రాయి దగ్గరే సద్ది తినేదట. ఊరు ఖాళీ చేసేటప్పుడు జనం దేవుళ్లను తీసుకుపోయారు, తలుపులు ఊడదీసుకుపోయారు, దూలాలు బండ్లకెత్తుకున్నారు. ఆమె తీసుకుపోవలసింది మాత్రం తీసుకుపోయేది కాదు.

ఇవేవీ నాకు ఆ ఎండలో తెలియవు. నాకు కనబడింది ఏమిటంటే, బాపు మెడలోని తువ్వాలు తీసి, నీళ్ల దాకా నడిచిపోయి, తడిపి పిండుకుని వచ్చాడు. అమ్మమ్మ వెనకాలే పోయి ఆ తడి తువ్వాలు ఆమె తల మీద వేశాడు. చేయి పట్టుకుని ఆమె ఎటు పోతే అటు నడిచాడు.

"చెట్టు కొట్టేసిండ్రు గదరా. చెట్టు ఉంటే ఎర్కపడేది" అంది ఆమె.

"ఔ అత్తా. మొద్దులు గూడ ఒండ్రు కింద పడ్డయి."

"రాయి గూడ పెద్దదేం గాదు."

"జర నిమ్మలంగ చూడు. మాకేం జల్ది లేదు."

ఎంతసేపు తిరిగారో చెప్పలేను. చెల్లెను అమ్మ తన నీడలో కూర్చోబెట్టుకుంది. చివరికి ఒకచోట అమ్మమ్మ నిలబడిపోయింది. అటూ ఇటూ చూసింది. కాలితో మట్టి నొక్కి చూసింది. "గీడనే" అని కూర్చుంది.

అక్కడ ఏమీ లేదు. చుట్టూ ఉన్న నేల ఎలా ఉందో అదీ అలాగే ఉంది. బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ తల వంచుకుంది.

అమ్మమ్మ ఏడవలేదు. అరచేతిని నేల మీద ఆనించి, పిల్లవాడి వీపు నిమిరినట్టు కాసేపు నిమిరింది. కొంగు ముడి విప్పి కంకి తీసింది. పైతొక్క ఒలిచి, నేల మీద పెట్టింది.

"జింకలు తినిపోతయి గదా అమ్మమ్మా" అంది చెల్లె.

"తిననీ బిడ్డా" అంది ఆమె.

తర్వాత ఒడ్డుకు వచ్చి, జీపు నీడలో రొట్టెలు తిన్నాం. బాపు మమ్మల్ని నీళ్లలోకి తీసుకుపోయాడు. ప్యాంటు మడిచి, మా ఇద్దరినీ చెరొక చేత పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా పైకెత్తాడు. అంత గట్టిగా నవ్వే మనిషి కాదు ఆయన. ఆ రోజు మా కోసం నవ్వాడు. నేను నత్తగుల్లలు ఏరి గౌను నిండా పోసుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజంతా నాకు సంతోషంగానే ఉంది. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా తల్లీబిడ్డలిద్దరూ ఇసుకలో పక్కపక్కన కూర్చుని కనబడేవాళ్లు.

ఆ తర్వాత నెలంతా అమ్మమ్మ ధ్యాస నీళ్ల మీదే. ఆకు అమ్మే ఆమె వచ్చినా, నందిపేట బస్సు దిగిన వాళ్లెవరైనా కనబడినా అడిగేది. "నీళ్లు ఇంక ఎనుకకు పోయినయా? ఉన్నకాడనే ఉన్నయా?" ఒకరోజు బాపును అడిగింది, ఇంకొక్కసారి తోలుకపొమ్మని.

"ఫికర్ చేయకు అత్తా. వచ్చే ఐతారం పోదాం" అన్నాడు ఆయన. పోదామనే అన్నాడు. కానీ సేటు జీపు పెళ్లిళ్లకు తిరుగుతోంది. నందిపేట దాకా బస్సులో పోయినా, అక్కడి నుంచి ఆ ఎండలో ఆమెను నడిపించలేడు. ఆ ఆదివారం పోయి ఇంకో ఆదివారం వచ్చింది. ఈలోగా పైన మహారాష్ట్రలో వానలు పడ్డాయి.

గోదావరి వచ్చిందన్న కబురు మార్కెట్టుకు ఎంత వేగంగా చేరిందో! ఎన్నేళ్ల తర్వాతో ప్రాజెక్టు నిండుతోందని దుకాణాల్లో లడ్డూలు పంచారు. బాపు పొట్లం పట్టుకుని, "నీళ్లొచ్చినయి! కట్ట నిండుతున్నది!" అంటూ చిన్నపిల్లవాడిలా గడప దాటి లోపలికి వచ్చాడు. వచ్చి, చాట ముందు కూర్చున్న అమ్మమ్మను చూసి, ఉన్నచోటనే నిలబడిపోయాడు. పొట్లం ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

అమ్మమ్మ చుడుతున్న బీడీ పూర్తిచేసి, దాని మూతి మడిచి, చాటలో పెట్టింది.

"మంచిదే కొడుకా. రైతులు బతుకుతరు" అంది.

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. లడ్డూ మాత్రం చెల్లె తెచ్చి ఆమె నోట్లో పెడితే వద్దనలేదు.

ఆ తర్వాత కూడా నీళ్లు తగ్గిన ఎండాకాలాలు వచ్చాయి. అప్పటికి ఆమె మోకాళ్లు పనిచేయడం మానేశాయి. వాకిట్లోకి రావడానికే ఇద్దరి ఆసరా కావలసి వచ్చేది. నీళ్ల సంగతి అడగడం కూడా మానేసింది. తొంభైల మొదట్లో, పసుపు ఉడకబెట్టే వాసన ఊరంతా కమ్ముకుని ఉన్న రోజుల్లో పోయింది. జబ్బు పెద్దగా ఏమీ లేదు. రెండు రోజులు లేవలేదు, మూడో రోజు పిలిస్తే పలకలేదు. బాపు సొంత కొడుకులాగే తలకొరివి పెట్టాడు. బూడిద ఎక్కడ కలపాలని ఎవరో అడిగితే, ఆయన ఆలోచించుకోకుండా "నందిపేట దిక్కు" అన్నాడు.

దినాలైపోయిన తర్వాత, ఇల్లు ఖాళీ అయిన ఒక మధ్యాహ్నం, నేను, అమ్మ ఆకు కత్తిరిస్తూ కూర్చున్నాం. నేనప్పటికి కాలేజీలో చేరాను. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"అమ్మా, గా దినం అమ్మమ్మ కూసున్న జాగ నిజంగ గదేనా?"

అమ్మ కత్తెర ఆపలేదు. "కాదు. మా చేను ఊరికి పడమట దిక్కుండె. ఆమె కుమ్మరోళ్ల చేన్లకు పోయింది."

"మరి చెప్పలేదేంది?"

"ఏమని చెప్పాలె? లేపి, ఇటు కాదు అటు పోదాం పా అని తోలుకపోతే, ఆడ గూడ దొరకకపోతే? నాకు మాత్రం యాడ కనవడుతున్నది ఆడ? గీడనే అన్నది గదా. ఆమెకు దొరికింది. గంతే."

కొన్ని ఆకులు కత్తిరించాక మళ్లీ తనే అంది. "వాని మొకం నాకు యాదికి లేదు బిడ్డా. ఎంత తలుచుకున్నా రాదు. ఎప్పుడు సంకనే ఉండేటోడు. అవ్వ పనికి పోతే నేనే ఎత్తుకొని తిరిగేదాన్ని. గా బరువు మాత్రం ఇప్పటికీ గీడ ఉన్నట్టే ఉంటది." ఎడమ నడుము మీద చేయి వేసి చూపించింది.

వాడి పేరేమిటని అడిగాను. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. అమ్మ చెప్పింది. తాత ముద్దుకు పెట్టుకున్న పేరట, ఊళ్లో ఇంకెవరికీ లేని పేరు. నేను మెల్లగా తిరిగి పలికాను. మొదటి అక్షరం అలా కాదని అమ్మ నన్ను సరిదిద్ది, ఇంకోసారి పలికించింది.